సంఘం రేడియో: మాచ్‌నూర్ అక్కల మాట

రేడియో అనగానే మన ఇండ్లలోని పెద్దవారికి మొదట జ్ఞాపకం వచ్చేది దూరం. విజయవాడ కేంద్రం 1948 డిసెంబరు 1న మొదలైంది. హైదరాబాదులో నిజాం కాలపు దక్కన్ రేడియోను 1950లో ఆకాశవాణి తన చేతిలోకి తీసుకున్నది. సాయంత్రం పూట పాడిపంటల ముచ్చట్లు, సెలవు రోజున సిలోను పాటలు, ఇంకా ముల్లును ఓపికగా తిప్పితే హిందూ మహాసముద్రంలోని సీషెల్స్ దీవుల నుండి ఫీబా వారి తెలుగు ప్రసంగాలు. (ఆ దీవుల నుండి ప్రసారాలు 2003లో ఆగిపోయాయి.) మాట్లాడేవారు ఎక్కడో, వినేవారు ఇక్కడ. మనం కార్డు వ్రాసేవాళ్లం. వాళ్లు మన పేరు చదివితే ఆ వారమంతా ఊరిలో మనమే గొప్ప!

ఇప్పుడు చెప్పబోయే రేడియో అట్టిది కాదు. పాతిక, ముప్పై కిలోమీటర్లు దాటితే అది వినబడదు. హైదరాబాదులో ఉన్న మీ అబ్బాయికి అందదు. అయినా మన దేశంలో రేడియో చరిత్ర వ్రాసేవారెవరూ దానిని విడిచిపెట్టలేరు. ఎందుకంటే ఒక స్వచ్ఛంద సంస్థ తరఫున, పల్లెటూరిలో, గ్రామస్థులే నడుపుకొనే రేడియో కేంద్రం మన దేశంలో మొట్టమొదట అక్కడే గాలిలోకి వచ్చింది. ఊరు మాచ్‌నూర్, ఝరాసంగం మండలం. అప్పుడది ఆంధ్రప్రదేశ్‌లోని మెదక్ జిల్లా, ఇప్పుడు తెలంగాణలోని సంగారెడ్డి జిల్లా. కేంద్రం పేరు సంఘం రేడియో.

సంఘం అంటే మన పాఠకులకు ఆదివారం కూడుకొనే సమాజం. జహీరాబాదు చుట్టుపట్ల ఆ మాటకు ఇంకొక వాడుక కూడా ఉంది. పగలంతా కూలికో, స్వంత చెలకకో పోయి వచ్చిన పేద స్త్రీలు, వారిలో ఎక్కువమంది దళితులు, రాత్రి పని తీరిన తరువాత ఒకచోట కూర్చుని పొదుపు, భూమి, విత్తనం, పిల్లల సంగతి మాట్లాడుకొనే కూటమిని అక్కడ సంఘం అంటారు. 1983లో ఏర్పడిన దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ అనే సంస్థ పస్తాపూర్ కేంద్రంగా ఈ సంఘాలతో పని మొదలుపెట్టింది. తరువాతి కాలంలో అవి దాదాపు 75 గ్రామాలకు వ్యాపించాయి.

ఆ సంస్థను స్థాపించినవారిలో ముఖ్యుడు పి.వి. సతీష్. ఆయన ముందు దూరదర్శన్‌లో కార్యక్రమాల నిర్మాతగా పని చేశాడు. 1975-76లో ఉపగ్రహం ద్వారా ఆరు రాష్ట్రాలలోని 2,400 గ్రామాలకు టీవీ చూపించిన ప్రయోగంలో కూడా ఉన్నాడు. పట్నంలో తయారైన బొమ్మను పల్లెకు పంపడం ఎట్లాగో లోపలి నుండి చూసిన మనిషి తరువాత పల్లెలో కూర్చున్నాడని గమనించండి. ఈ కథలో అది చిన్న సంగతి కాదు.

రేడియో కావాలని ఆ అక్కలు ఎందుకు అనుకున్నారు? పొలం దగ్గర నుండే మొదలుపెట్టాలి. జహీరాబాదు ప్రాంతం వానమీద బ్రతికే మెట్ట. అక్కడి చిన్న రైతు ఒక ఎకరంలో ఒకే పంట వేయడు. జొన్న సాళ్ల మధ్య కంది, అంచున అనుములు, ఇంకొకచోట కొర్ర, సామ, పెసర, నువ్వు. ఇట్లా పది, పదిహేను, ఒక్కోసారి ఇరవై రకాలు ఒకే చెలకలో కలిసి పెరుగుతాయి. వాన ముందు పడితే ఒకటి, వెనుక పడితే మరొకటి చేతికి వస్తుంది. ఏదీ రాకపోతే పశువులకైనా మేత ఉంటుంది. ఈ లెక్క తెలిసినవారు ఆడవాళ్లు. విత్తనం ఎంచేది, బూడిద కలిపి కుండలో దాచేది, పక్కింటివారికి బదులిచ్చేది వాళ్లే. రేడియోలో వచ్చే వ్యవసాయ కార్యక్రమాలు ఎక్కువగా వరి గురించి, హైబ్రిడ్ విత్తనం గురించి, ఎరువు మోతాదు గురించి, పురుగుమందు గురించి చెప్పేవి. ఆ సలహాలు నీరున్న రైతుకు పనికివచ్చేవేమో, ఈ అక్కకు మాత్రం కాదు.

భాష సంగతి ఇంకొకటి. ఉత్తరాంధ్రలో చోళ్లు, రాయలసీమలో రాగులు, తెలంగాణలో తైదలు. గింజ ఒక్కటే. తైదలు అనే నోటికి రేడియోలో ఎప్పుడూ రాగులే వినిపిస్తే, ఇది నాకు చెప్పే మాట కాదని చెవి దానంతటదే పక్కకు తిరుగుతుంది. పైగా జహీరాబాదుకు బీదరు దగ్గర. అక్కడి తెలుగులో ఉర్దూ, కన్నడం కలిసిపోయి ఉంటాయి. ఆ తెలుగును రేడియోలో విన్నవారు లేరు. నాటకాలలో నవ్వించడానికి పెట్టిన నౌకరు పాత్ర నోటిలో ఎప్పుడైనా విని ఉంటారు, అంతే.

ఇక చదువు. అక్షరం రాని మనిషికి పత్రిక మూసిన తలుపే. (పత్రికలోనే ఈ మాట వ్రాస్తున్నందుకు మన్నించండి.) నోటి మాట ఒక్కటే ఆమెకు అందే గ్రంథం. తల్లి దగ్గర విన్నది, అత్త దగ్గర నేర్చుకున్నది, పాటలో కట్టి దాచుకున్నది. కాబట్టి పుస్తకం కాదు, రేడియో కావాలన్నారు. అదీ తాము మాట్లాడే రేడియో.

1990ల చివరిలో యునెస్కో సాయంతో మాచ్‌నూర్‌లో కేంద్రం తయారైంది. రికార్డు చేసుకొనే గది, యంత్రాలు, తక్కువ శక్తిగల ఎఫ్‌ఎం ట్రాన్స్‌మిటర్ అన్నీ వచ్చాయి. గ్రామంలోని యువతులు మైకు పట్టుకోవడం, టేపు కత్తిరించి అతికించడం నేర్చుకున్నారు. రానిది ఒక్కటే: అనుమతి.

అప్పటి చట్టం 1885 నాటిది. తంతి తపాలా కోసం తెల్లదొరలు చేసిన టెలిగ్రాఫ్ చట్టం ప్రకారం గాలిలోకి ఒక మాట పంపాలన్నా సర్కారు లైసెన్సు ఉండాలి. ఆకాశవాణికి తప్ప మరెవరికీ అది లేదు. యంత్రాలున్నాయి, మాట్లాడే నోళ్లున్నాయి, వినే చెవులు మూడు మైళ్ల దూరంలో ఉన్నాయి, కాని మీట నొక్కితే నేరం!

అప్పుడు వాళ్లు చేసిన పని నన్ను ఎక్కువగా ఆకర్షించింది. ప్రసారం లేకపోయినా కార్యక్రమాలు తయారుచేయడం మానలేదు. ఊర్లు తిరిగి పాటలు, మాటలు, మందుమాకుల సంగతులు రికార్డు చేశారు. వాటిని క్యాసెట్లకు ఎక్కించి, సంఘం కూడిన రాత్రి టేపురికార్డరు మధ్యలో పెట్టి వినిపించారు. విన్న తరువాత చర్చ. ఒక ఊరి అక్క చెప్పినది మరొక ఊరిలో వినబడేది, అక్కడి జవాబు మళ్లీ ఇంకొక క్యాసెట్టు అయ్యేది. రేడియో సంచిలో పెట్టుకొని బస్సెక్కింది అనవచ్చు. ఇట్లా ఒక సంవత్సరం కాదు, రెండు కాదు, పదేళ్లు గడిచాయి. 2008లో మీట నొక్కే నాటికి వారి దగ్గర వందల గంటల కార్యక్రమాలు సిద్ధంగా ఉండడానికి కారణం ఇదే.

ఈ పదేళ్ల కథలో ఒక క్రికెట్ పోటీ కూడా ఉందంటే మీకు నవ్వు రావచ్చు. 1993లో హీరో కప్పు పోటీలను టీవీలో చూపించే హక్కును బెంగాల్ క్రికెట్ సంఘం విదేశీ కంపెనీకి ఇచ్చింది. దూరదర్శన్ ఒప్పుకోలేదు. తగాదా సుప్రీంకోర్టుకు ఎక్కింది. 1995 ఫిబ్రవరి 9న తీర్పు వచ్చింది. జస్టిస్ పి.బి. సావంత్ వ్రాసిన తీర్పులో, మన తెలుగువాడైన జస్టిస్ బి.పి. జీవన్ రెడ్డి విడిగా వ్రాసిన తీర్పులో కూడా ఒక మాట స్పష్టంగా ఉన్నది: గాలిలోని తరంగాలు ప్రజల ఆస్తి, ప్రభుత్వం వాటికి యజమాని కాదు, వాటిని ప్రజల మేలు కోసం నడిపించవలసిందే. బంతి, బ్యాటు గురించి మొదలైన వ్యాజ్యం చివరికి తైదలు పండించే స్త్రీకి ఒక హక్కు ఇచ్చింది.

హక్కు కాగితం మీద వచ్చింది గాని చేతికి రాలేదు. ఆ తీర్పు తరువాత తలుపు మొదట తెరుచుకున్నది డబ్బున్నవారికి. వేలంలో కోట్లు పెట్టి కొనుక్కొన్న ప్రైవేటు ఎఫ్‌ఎం కేంద్రాలు 2001 నుండి పట్టణాలలో పాటలు వేయసాగాయి. పల్లె మాత్రం బయట నిలబడింది. 2000 జూలైలో యునెస్కో వారి సదస్సు హైదరాబాదులో, పస్తాపూర్‌లో జరిగి, సర్కారు రేడియో, వ్యాపార రేడియోలతో పాటు ప్రజల రేడియో అనే మూడవది ఉండాలని ప్రకటన చేసింది. దానిని పస్తాపూర్ ప్రకటన అంటారు.

ఆ రోజులలో అనుమతి కోసం ఆగలేకపోయినవారూ ఉన్నారు. 2002లో కర్నూలు జిల్లా ఓర్వకల్లులో పొదుపు సంఘాల మహిళలు చిన్న ట్రాన్స్‌మిటరుతో మన రేడియో పేరిట ప్రసారం మొదలుపెట్టారు. ఊరి సంగతులు ఊరికి చెప్పుకున్నారు. కొద్ది నెలలకే, 2003లో, కేంద్ర ప్రభుత్వ అధికారులు వచ్చి అది చట్టవిరుద్ధమని ఆపించి యంత్రాన్ని పట్టుకొనిపోయారు. కర్ణాటకలోని కోలారు జిల్లా బూదికోటెవారు మరొక ఉపాయం చేశారు. గాలిలోకి పంపితే నేరం గనుక, కేబుల్ టీవీ తీగ ద్వారా ఇంటింటికీ మాట పంపారు. ఇవన్నీ చూసినప్పుడు మాచ్‌నూర్‌వారి క్యాసెట్ల ఓపిక విలువ తెలుస్తుంది. వారు మీట నొక్కలేదు, నోరూ మూసుకోలేదు.

2002 డిసెంబరులో ప్రభుత్వం చదువుల సంస్థలకు చిన్న రేడియో కేంద్రాలు పెట్టుకోవచ్చునన్నది. మద్రాసులోని అన్నా విశ్వవిద్యాలయం 2004 ఫిబ్రవరి 1న అట్టి మొదటి కేంద్రాన్ని తెరిచింది. చదువు ఉన్నవారికి ముందు, లేనివారికి తరువాత! చివరికి 2006 నవంబరులో స్వచ్ఛంద సంస్థలకు కూడా అనుమతి ఇస్తూ నిబంధనలు వచ్చాయి. కనీసం మూడు సంవత్సరాలుగా ఆ ప్రాంతంలో సేవ చేస్తున్న రిజిస్టర్డు సంస్థ అయి ఉండాలి. కార్యక్రమాలలో సగమైనా స్థానికంగా, స్థానికుల పాలుతో తయారు కావాలి. భాష వీలైనంతవరకు స్థానిక భాష, యాస అయి ఉండాలి. ఈ చివరి నిబంధనను చదివినప్పుడు జహీరాబాదు అక్కలు ఏమనుకొని ఉంటారో! ఇన్నాళ్లు అడ్డమనిపించిన యాస ఇప్పుడు అర్హత అయింది.

2008 అక్టోబరు 15 ప్రపంచ గ్రామీణ మహిళా దినం. ఆ రోజునే సంఘం రేడియో 90.4 మెగాహెర్ట్జ్ మీద ప్రసారం మొదలుపెట్టింది. ప్రారంభించడానికి వచ్చినది జస్టిస్ సావంత్. పదమూడు సంవత్సరాల క్రితం తాను వ్రాసిన తీర్పు ఎవరి నోటికి చేరిందో ఆయన కళ్లారా చూశాడు. మన దేశంలో న్యాయమూర్తులకు ఇట్టి భాగ్యం తరచుగా దొరకదు.

కేంద్రాన్ని నడిపే బాధ్యత ఇద్దరు దళిత యువతులది. ఇద్దరి పేరూ నర్సమ్మే. గందరగోళం లేకుండా ఒకరిని అల్గోల్ నర్సమ్మ అని, మరొకరిని జనరల్ నర్సమ్మ అని పిలుస్తారు. అల్గోల్ ఊరి పేరు. ఇద్దరూ క్యాసెట్ల కాలం నుండి ఈ పనిలో ఉన్నవారే. ఊర్లకు వెళ్లి రికార్డు చేయడం, వచ్చి కూర్చడం, మైకు ముందు కూర్చుని పలకరించడం, యంత్రాన్ని చూసుకోవడం అన్నీ వారి చేతి మీదే సాగాయి.

ప్రసారం సాయంత్రం 7 గంటల నుండి 9 వరకు పెట్టుకున్నారు. ఈ వేళను ఎంచుకోవడంలోనే వినేవారెవరో తెలుస్తుంది. పగలు పెడితే చెలకలో ఉన్న మనిషి వినలేదు. ఏడు గంటలకు పశువులు కొట్టంలో ఉంటాయి, పొయ్యి మీద కుండ ఉంటుంది, చేతులు పనిలో ఉన్నా చెవులు ఖాళీ.

ఆ రెండు గంటలలో ఏముంటుంది? ఎక్కువ భాగం మాటే. కాలాన్ని బట్టి పొలం మాట ముందు వస్తుంది. మృగశిర కార్తెలో ఏ విత్తనం ముందు, చలికాలపు పంటకు ఏది ఆగుతుంది, పురుగు పడితే వేపగింజల కషాయం ఎట్లా కాయాలి. చెప్పేది శాస్త్రజ్ఞుడు కాదు, పక్క ఊరి అక్క. ఆమె చెప్పినది తప్పైతే రేపు సంతలో కనబడి అడుగవచ్చు! దాని తరువాత ఒంటి ఆరోగ్యం, కాన్పు, పసిపిల్లల తిండి, చెట్టుమందులు. పిల్లల ఆటపాటలు. నాటకాలు. బాల్యవివాహం, కట్నం, తాగి కొట్టే మగడు వంటి ఇంటి గుట్టు మాటలు. పాట అంటే ఇక్కడ సినిమా పాట కాదు. కలుపు తీసేటప్పుడు, విసిరేటప్పుడు, పెండ్లిలో పాడే పాట. ముసలమ్మ పాడుతూ మధ్యలో దగ్గితే ఆ దగ్గు కూడా వినబడుతుంది. పట్టణపు రేడియోలో అది లోపం. ఇక్కడ ఆ ముసలమ్మ ఎవరో వినేవారికి తెలుసు.

ఏటా సంక్రాంతికి ఈ సంఘాలవారు పాత పంటల జాతర మొదలుపెట్టి, అలంకరించిన ఎడ్లబండ్ల మీద రకరకాల గింజలు పెట్టి ఊరూరా తిరుగుతారు. బండి వెళ్లిన చోట చర్చ, చర్చ జరిగిన చోట రికార్డరు. ఒక ఊరిలో పోయిన విత్తనం ఇంకొక ఊరిలో ఉన్నదని నలుగురికీ తెలిసేది ఇట్టి మాటల వల్లనే.

ఈ స్త్రీలలో కొందరు వీడియో తీయడం కూడా నేర్చారు. కెమెరా కోణాలకు వారు పెట్టుకున్న పేర్లు ఇక్కడ చెప్పాలి. కెమెరా పైన ఉండి కిందివారిని చూస్తే అది పటేల్ షాట్, అంటే గద్దె మీది దొర నేల మీద కూర్చున్నవారిని చూసే చూపు. కింద నుండి పైకి చూస్తే అది వెట్టివాని చూపు. ఎదురెదురుగా, కన్నుకు కన్ను సమానంగా ఉంటే అది సంఘం షాట్. సంఘంలో అందరూ ఒకే నేల మీద కూర్చుంటారు గనుక. సినిమా పాఠశాలలు ఈ ఒక్క పాఠాన్ని వారి దగ్గర అప్పు తెచ్చుకోవచ్చు. రేడియోలో కోణాలు కనబడవు గాని గొంతులో వినబడతాయి. సలహా ఇచ్చే గొంతు పైనుండి వస్తుంది, అర్జీ పెట్టే గొంతు కిందనుండి వెళుతుంది. పక్కన కూర్చుని చెప్పే గొంతు మన రేడియోలలో అరుదు.

ఇంకొక సంగతి. మన ఊర్లలో వాడ ఒకవైపు, ఊరు ఒకవైపు. వాడ మనిషి ఊరి నడుమ గొంతెత్తి మాట్లాడడం నిన్నమొన్నటి వరకు సాహసమే. తరంగానికి ఆ సరిహద్దు తెలియదు. దొర ఇంటి గూటిలోని సెట్టు 90.4 మీద ఉంటే, తన చెలకలో కూలి చేసిన స్త్రీ చెప్పే విత్తనపు లెక్క ఆ ఇంటిలో కూడా పలుకుతుంది. ఇష్టం లేకపోతే ముల్లు తిప్పుకోవచ్చు. కాని మైకు ఆమె దగ్గర ఉన్నదన్న సంగతి తిప్పలేరు.

కష్టాలు లేవని కాదు. ఇట్టి కేంద్రాలన్నిటినీ బాధించేది ఖర్చు. 2006 నిబంధనల ప్రకారం గంటకు ఐదు నిమిషాలే ప్రకటనలు వేసుకోవచ్చు. జొన్నలు పండించే ఊర్లలో ప్రకటనలు ఇచ్చే వ్యాపారులు ఎందరుంటారు? (2024లో దీనిని గంటకు 12 నిమిషాలకు పెంచారు.) 2012లో తరంగాల వాడుకకు కట్టే వార్షిక రుసుమును 19 వేల చిల్లర నుండి ఒక్కసారిగా 91 వేల రూపాయలకు పెంచారు. వ్యాపార రేడియోకు అది ఒక ప్రకటన ఖరీదు, పల్లె కేంద్రానికి ఒక మనిషి ఏడాది జీతం. దేశంలోని ప్రజా రేడియోలన్నీ గొడవ చేసిన మీదట ఆ పెంపును వెనక్కి తీసుకున్నారు.

నాకు ఏమాత్రం సమంజసంగా తోచని నిబంధన మరొకటి ఉంది. ఈ రేడియోలు స్వంతంగా వార్తలు చెప్పకూడదు. వర్షం సంగతి, పరీక్షల తేదీలు, కరెంటు, నీళ్ల సంగతి చెప్పవచ్చు, ఆకాశవాణి వార్తలను తిరిగి వినిపించవచ్చు. తమ ఊరి వార్తను వార్తగా చెప్పకూడదు. పత్రిక వ్రాయవచ్చు, టీవీ చూపవచ్చు, సెల్‌ఫోనులో ఎవరైనా ఏదైనా పంపవచ్చు. ఊరి మధ్య, పేరు తెలిసి, ముఖం తెలిసి, తప్పు చెబితే మర్నాడే పట్టుబడే మనిషి మాత్రం చెప్పకూడదట! దేశంలో ప్రజా రేడియోల సంఖ్య సుమారు 500కు చేరిన తరువాత కూడా ఈ భయం పోలేదు.

సతీష్ 2023 మార్చి 19న, తన 77వ ఏట కన్నుమూశాడు. అంతకు నాలుగేళ్ల ముందు, 2019లో, ఆ స్త్రీల వ్యవసాయానికి ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమంవారి ఈక్వేటర్ బహుమతి వచ్చింది. పేరు ఢిల్లీ దాకా, న్యూయార్కు దాకా వెళ్లింది. ప్రసారం మాత్రం పాతిక కిలోమీటర్లే.

ఇప్పటి చిక్కు వినే సాధనంతో వచ్చింది. ఇంటింటికీ సెల్‌ఫోను చేరింది, గూటిలోని సెట్టు మూలపడింది. కొత్త ఫోన్లలో చాలావాటిలో ఎఫ్‌ఎం ఉండడం లేదు. ఫోన్లలో దానిని తీసివేయవద్దని 2023లో కేంద్ర ప్రభుత్వం తయారీదారులకు సూచించవలసి వచ్చింది. ఎఫ్‌ఎం ఉన్న ఫోన్లలో కూడా సాధారణంగా చెవిలో పెట్టుకొనే తీగను తగిలిస్తేగాని స్టేషను అందదు. ఆ తీగే దానికి ఏరియల్. పాత సెట్టుకు ఏరియల్ నెత్తి మీదే ఉంటుంది. పొయ్యి దగ్గర జొన్నరొట్టె తడుతున్న అత్తకు, కొట్టంలో గొడ్డుకు కుడితి పెడుతున్న కోడలికి, గడపలో లెక్కలు చేసుకుంటున్న పిల్లకు ఒకేసారి వినబడేది ఆ సెట్టే.